నమూనా సీసా నుంచి న్యాయస్థానం దాకా

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మృతిలో రాజమహేంద్రవరంలో చేసిన ఉపన్యాసానికి ముద్రిత పాఠం)



సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. 1922లో బోస్టన్ చేరారు. మళ్ళీ ఇంటిముఖం చూడకుండానే 1948 ఆగస్టులో అమెరికాలో కన్నుమూశారు. ఆయన్ను తలుచుకున్నప్పుడల్లా ఫోలిక్ యాసిడ్ గురించి, బోదవ్యాధికి వాడే హెట్రజాన్ గురించి, ఆరియోమైసిన్ గురించి చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. నేను మాత్రం వకీలును. కోర్టు మెట్లెక్కి దిగడంలోనే నా జీవితం గడిచింది. కాబట్టి ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించేది మరొకటి ఉంది. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఒక పరీక్షా పద్ధతిని ప్రకటించారు. రక్తంలో గానీ మూత్రంలో గానీ ఫాస్పరస్ ఎంత ఉందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి లెక్కకట్టే పద్ధతి అది. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని బయోకెమిస్ట్రీ చదువుకున్న పిల్లలందరికీ తెలుసు. కంటికి కనబడని దాన్ని, ఎవరు కొలిచినా ఒకే అంకె వచ్చేలా కొలవడమే దాని గొప్పతనం.

ఆహార కల్తీ కేసు, మందుల కల్తీ కేసు నిలబడేదీ పడిపోయేదీ సరిగ్గా ఇక్కడే. చట్టంలో యావజ్జీవం రాసి ఉండవచ్చు. లక్షల జరిమానా రాసి ఉండవచ్చు. ల్యాబ్‌లో ఒక మనిషి కొలిచిన అంకె కోర్టులో నిలబడకపోతే ఆ రాతలన్నీ కాగితం మీదే ఉండిపోతాయి. మన గోదావరి జిల్లాల్లో ఈ మధ్య జరిగిన సంగతులు నాలుగైదు తీసుకుని ఇదే చెప్పాలని వచ్చాను.

ముందు చట్టం ఏమంటోందో చూద్దాం. తిండిలో కల్తీ చేయడం నేరమని 1860 నాటి శిక్షాస్మృతిలోనే ఉంది. ఆరు నెలల జైలు, వెయ్యి రూపాయల జరిమానా. ఆ రోజుల్లో వెయ్యి రూపాయలంటే మాటలు కాదు, 2024 జూన్ దాకా కూడా ఆ వెయ్యి అలాగే ఉండిపోవడమే విచిత్రం. మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు 1918లో కల్తీ నిరోధానికి విడిగా ఒక మద్రాసు చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం తరవాత 1954లో దేశమంతటికీ కలిపి ఆహార కల్తీ నిరోధక చట్టం చేశారు. 1976లో దాన్ని సవరించి, కల్తీ తిని మనిషి చనిపోతే యావజ్జీవం దాకా వేయవచ్చన్నారు. పాతతరం వకీళ్ళం 'పి.ఎఫ్.ఏ. కేసు' అనేది దాన్నే. 2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం చేసి, 2011 ఆగస్టు 5 నుంచి అమల్లో పెట్టారు. ఇవాళ నడుస్తున్నది ఇదే.

ఈ చట్టంలో గుండెకాయ 59వ సెక్షన్. సురక్షితం కాని ఆహారాన్ని తయారుచేసినా, నిల్వ చేసినా, అమ్మినా, దిగుమతి చేసినా శిక్ష ఎంతో అందులో ఉంది. తిన్నవాడికి ఏమీ కాకపోతే మొదట్లో ఆరు నెలల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉండేవి. 2023లో వచ్చిన జన విశ్వాస్ చట్టం జైలును మూడు నెలలకు తగ్గించి, జరిమానాను మూడు లక్షలకు పెంచింది. చిన్న హాని అయితే ఏడాది దాకా జైలు, మూడు లక్షలు. తీవ్ర హాని అయితే ఆరేళ్ళ దాకా జైలు, ఐదు లక్షలు. ప్రాణం పోతే ఏడేళ్ళకు తక్కువ కాకుండా యావజ్జీవం దాకా జైలు, పది లక్షలకు తగ్గని జరిమానా. ఇవి చిన్న శిక్షలని ఎవరూ అనలేరు. కల్తీ చేసినవాణ్ణి ఉరి తీయాలని పత్రికల్లో ఉత్తరాలు చూస్తుంటాను. రాసినవాళ్ళ కడుపుమంట నాకు అర్థమవుతుంది. కానీ ఉన్న ఏడేళ్ళు ఎంతమందికి పడుతున్నాయో అడగకుండా ఉరి అడిగితే ప్రయోజనం ఏమిటి?

ఇక్కడ సామాన్యుడికి తెలియని మెలిక ఒకటుంది. 59వ సెక్షన్ 'సురక్షితం కాని' ఆహారానికే వర్తిస్తుంది. 'నాసిరకం' ఆహారమైతే 51వ సెక్షన్. అక్కడ జైలు లేదు, ఐదు లక్షల దాకా జరిమానాయే. లేబుల్ తప్పుగా ఉంటే 52వ సెక్షన్, మూడు లక్షలు. ఈ జరిమానా కేసులు మెజిస్ట్రేట్ దగ్గరికి రావు. జాయింట్ కలెక్టర్ గారి ముందు విచారణ జరుగుతుంది. మరి ఫలానా నెయ్యి సురక్షితం కానిదా, నాసిరకమా అని తేల్చేదెవరు? నమూనాను పరీక్షించిన ఫుడ్ ఎనలిస్టు. ఆయన రిపోర్టు చివర రాసే ఒక్క వాక్యాన్ని బట్టి ముద్దాయి జైలు దారి పడతాడా, జరిమానా కట్టి ఇంటికి పోతాడా అన్నది తేలుతుంది. న్యాయమూర్తి కన్నా ముందు తీర్పు రాసేది ఆ ఎనలిస్టు గారే అంటే తప్పులేదు. ఆయన పేరు ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆయన ల్యాబ్‌లో పరికరం ఉందో లేదో, ఖాళీలు భర్తీ అయ్యాయో లేదో ఎవరూ అడగరు.

నమూనా తీయడం ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూపిస్తాను. మన వాళ్ళు ఇప్పటికీ ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అనే పిలిచే ఆహార భద్రతాధికారి పాల కేంద్రానికి వెళతారు. సరుకు ఊరికే తీసుకోకూడదు, ధర చెల్లించి కొనాలి. విశ్లేషణకు తీసుకుంటున్నానని రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. క్యానులో పాలు బాగా కలియబెట్టి, నాలుగు భాగాలు చేసి, నాలుగు పొడి సీసాల్లో పోయాలి. పాలు విరిగిపోకుండా ప్రతి 25 మిల్లీలీటర్లకు రెండు చుక్కల లెక్కన ఫార్మలిన్ వేయాలి. మూత బిగించి, కాగితం చుట్టి, సంతకం ఉన్న చీటీ అంటించి, దారం కట్టి, లక్కతో సీలు వేయాలి. ఒక సీసా ఎనలిస్టుకు. రెండు, జిల్లాలో డిజిగ్నేటెడ్ ఆఫీసర్ అనే పైఅధికారి దగ్గర భద్రంగా. నాలుగోది వ్యాపారి కోరితే గుర్తింపు ఉన్న మరో ల్యాబ్‌కు పంపాలి. రిపోర్టు 14 రోజుల్లో రావాలి. అది తప్పని వ్యాపారి అనుకుంటే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, అప్పుడు దాచిన సీసా రిఫరల్ ల్యాబ్‌కు పోతుంది. అక్కడ ఏం తేలితే అదే ఖాయం.

ఈ వరసలో ఎక్కడ చెయ్యి జారినా కేసు జారిపోతుంది. సీలు చెదిరినా, తేదీలు కలవకపోయినా, రెండో సీసా పాడైపోయినా అంతే. 1960ల్లో ఢిల్లీ నగరపాలక సంస్థ పెట్టిన ఒక పెరుగు కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నమూనా తీసి నెలలు గడిచాక కేసు వేశారు. రెండో నమూనాను పరీక్షించమని ముద్దాయి అడిగేసరికి అది కుళ్ళిపోయింది. తన నిర్దోషిత్వాన్ని రుజువు చేసుకునే హక్కు ఆలస్యం వల్ల పోయింది కాబట్టి శిక్ష వేయడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. దేశమంతటా ముద్దాయి తరఫు వకీళ్ళకు ఆ తీర్పు కంఠతా వచ్చు. నేనూ వాడుకున్నవాణ్ణే. ఆ తీర్పు న్యాయమైనదనే ఇవాళ కూడా అంటాను. లంక గ్రామం నుంచి సైకిలు మీద క్యాను కట్టుకుని వచ్చే పాలవాడు, గేదె పాలలో వెన్న కాని ఘనపదార్థం 9 శాతానికి కాస్త తగ్గిందని ఏళ్ళ తరబడి వాయిదాలకు తిరగడం నా కళ్ళతో చూశాను. గేదెకు పెట్టిన మేత వల్ల తగ్గిందో, చెంబుడు నీళ్ళు పోశాడో ఆ రెండో సీసాయే చెప్పాలి. పెద్ద ట్యాంకరు యజమానికి మాత్రం సీసాలూ తేదీలూ చూసుకునే వకీలు ఉంటాడు. నమూనా పని అలసత్వంగా జరిగితే పేదవాడు నలుగుతాడు, పెద్దవాడు బయటపడతాడు.

పాల సీసాలో సాక్ష్యం చెడకుండా వేసే ఆ ఫార్మలినే మన డెల్టాను 2018లో ఒక కుదుపు కుదిపింది. ఆకివీడు, ఉండి, కైకలూరు, కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన శీలావతి, బొచ్చె తెల్లవారేసరికి ప్యాకింగ్ షెడ్డుకు చేరతాయి. వరస చేప, వరస ఐసు పేర్చి లారీలకెత్తుతారు. అవి హౌరాకు, అక్కడి నుంచి గౌహతికి, ఇంకా పైకి పోతాయి. ఆ వేసవిలో కేరళ సరిహద్దుల్లో చేపల్లో ఫార్మలిన్ పట్టుబడిన వార్తలు వచ్చాయి. జులైలో అస్సాం ప్రభుత్వం ఆంధ్రా చేపలో ఫార్మలిన్ ఉందని పది రోజుల పాటు రాకుండా నిషేధించింది. ఈశాన్యంలో మరికొన్ని రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. మేము కలపలేదని మన వ్యాపారులన్నారు. మా ల్యాబ్‌లో తేలిందని వాళ్ళన్నారు. చేప పాతబడే కొద్దీ, ఫార్మలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్ కొంత దానంతటదే పుడుతుంది కూడా. అలా సహజంగా ఎంతవరకు ఉండవచ్చో కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. ఆ తరవాత పరిమితులు ప్రకటించింది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ కాగితం పట్టీతో అక్కడికక్కడే పరీక్షించే కిట్‌ను తెచ్చింది.

నిజంగా ఎవడో ఒకడు కలిపాడే అనుకుందాం. ఏ షెడ్డులో, ఏ లారీలో, దారిలో ఏ మజిలీలో? అది తేలకపోతే 59వ సెక్షన్ ఎవరి మీదా పెట్టలేం. దోషిని వేరుచేసే రుజువు లేనప్పుడు శిక్ష ఊరి పేరు మీద పడుతుంది. అప్పు చేసి మేత వేసిన కౌలు రైతు, షెడ్డులో ఐసు పగలగొట్టే కూలీ, లారీ డ్రైవరు, అందరూ ఆ పది రోజుల శిక్ష అనుభవించారు. కోర్టు శిక్ష అయితే అప్పీలు ఉంటుంది, దీనికి అది కూడా లేదు.

రొయ్య కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే మందుల అవశేషాలు రొయ్యలో ఉండకూడదని యూరప్ పట్టు. క్లోరాంఫెనికాల్‌కు వాళ్ళు పెట్టుకున్న గీత కిలోకు 0.3 మైక్రోగ్రాములు. 2022 నవంబరు నుంచి దాన్ని 0.15కు దించారు. వెయ్యి టన్నుల రొయ్యలో 0.15 గ్రాము అన్నమాట. అంత సూక్ష్మమైన దాన్ని పట్టుకునే పరికరాలు వాళ్ళ రేవుల్లో ఉన్నాయి. 2016లో మన రొయ్యల కంటైనర్లలో పరీక్షకు తీసే వాటా పదో వంతు నుంచి సగానికి పెంచారు. దొరికిన కంటైనరు వెనక్కి వస్తుంది, లేదా అక్కడే తగలబెడతారు. ఈ భయం వల్లనే భీమవరంలో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా వాళ్ళ ఎలీసా పరీక్షల ల్యాబ్ ఉంది. యూరప్‌కు వెళ్ళే సరుకైతే పట్టుబడికి ముందే చెరువు నుంచి నమూనా పోయి, రిపోర్టు వచ్చాకే వల వేయాలి. ఏ చెరువు, ఏ రైతు, ఏ తేదీ అన్నది రికార్డులో ఉంటుంది. ఇందులో కోర్టు లేదు, పోలీసు లేదు, యావజ్జీవం లేదు. అయినా మందుల షాపుల వాళ్ళు, మేత కంపెనీల వాళ్ళు, రైతులు జాగ్రత్త నేర్చుకున్నారంటే తప్పు చేస్తే దొరుకుతామన్న నమ్మకం వల్లే. ఈ రెండు రకాల మందుల్ని తిండి కోసం పెంచే జీవాల్లో దేనిలోనూ వాడకుండా మన కేంద్ర ప్రభుత్వం 2025లో నిషేధించింది.

ఇంత పరీక్షా విదేశీయుడు తినే రొయ్యకే. అదే చెరువు పక్కన సంతలో పోగులు పెట్టి అమ్మే రొయ్యను ఎవరు పరీక్షిస్తున్నారు? ఆరియోమైసిన్ సుబ్బారావు గారు పరిశోధనకు అధిపతిగా ఉన్నప్పుడు అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో పుట్టింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అది మొదటిది. ఆ జాతి మందులు తరవాత కోళ్ళకూ పశువులకూ చేపలకూ కూడా వాడకంలోకి వచ్చాయి. ప్రాణాలు నిలబెట్టడానికి కనిపెట్టిన మందు ఆయన పుట్టిన ఊరి తిండిలో అవశేషంగా మిగలకుండా చూసుకోవడం మనం ఆయనకు పడ్డ బాకీ అని నా అభిప్రాయం. లండన్‌లో తినేవాడికి ఒక ప్రమాణం, లంకలకోడేరులో తినేవాడికి ఇంకొకటి ఉండటం నాకు భరించరాని విషయం. చట్టం రెండు ప్రమాణాలు రాయలేదు. కొలవకపోవడం వల్లే రెండయ్యాయి.

ఇప్పుడు ఏలూరు. 2020 డిసెంబరు 5, శనివారం. ఉన్నట్టుండి మనుషులు మూర్ఛ వచ్చి పడిపోవడం మొదలైంది. నోట నురగ, తలనొప్పి, వాంతులు. పిల్లలు, ముసలివాళ్ళు, వయసులో ఉన్నవాళ్ళు అన్న తేడా లేదు. కొద్ది రోజుల్లోనే 500 మందికి పైగా ప్రభుత్వాసుపత్రికి చేరారు. ఒకరు చనిపోయారు. దేశంలో పేరున్న సంస్థలన్నీ దిగాయి. ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాదు నుంచి జాతీయ పోషకాహార సంస్థ, ఐ.ఐ.సి.టి., సి.సి.ఎం.బి., నాగపూర్ నుంచి నీరి వాళ్ళు నమూనాలు తీసుకున్నారు. రక్తంలో సీసం, నికెల్ ఎక్కువగా ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమై ఉండవచ్చని ఆ తరవాత నివేదికలు వచ్చాయి. ఏ తిండిలో, ఏ అంగడి నుంచి, ఏ పొలం నుంచి, ఎవరి చేతి మీదుగా అన్న ప్రశ్నకు వేలెత్తి చూపగల జవాబు మనకు దొరకలేదు.

మీలో ఏలూరు వాళ్ళుంటే ఆ వారం ఎలా గడిచిందో నాకన్నా బాగా చెప్పగలరు. నేను చట్టం వైపు నుంచి ఒక్క మాట చెబుతాను. 59వ సెక్షన్‌లో శిక్ష హానిని బట్టి పెరుగుతుందని చెప్పాను కదా. హాని ఎంత పెద్దదైతే రుజువు అంత బరువవుతుంది. ఈ మనిషి తిన్నది ఇదే, ఇందులో ఉన్న విషం ఇదే, ఈ విషం వల్లే ఇతనికి ఈ హాని జరిగింది, దీన్ని అమ్మింది ఇతనే. ఈ నాలుగు లంకెలూ కలవాలి. ఏలూరులో రోగులు నురగ కక్కుతుంటే బంధువులు ఆసుపత్రికి పరిగెత్తారు. ఇంట్లో గిన్నెలో మిగిలిన కూరను ఎవరు దాచిపెడతారు? దాచాలని వాళ్ళకు చెప్పినవాళ్ళెవరు? నమూనాలు తీసే పెద్దలు వచ్చేసరికి ఆ పూట కూర చెత్తలోకి పోయింది, ఆ రోజు సంతలో కూరగాయలు అమ్ముడైపోయాయి. మొదటి లంకె అక్కడే తెగింది.

2022 మార్చిలో జంగారెడ్డిగూడెంలో వరుసగా మనుషులు చనిపోయినప్పుడూ ఇదే చూశాం. నాటుసారా వల్లేనని ప్రతిపక్షం, సహజ మరణాలని ప్రభుత్వం, శాసనసభలోనే వాదులాడుకున్నాయి. రాజకీయం నాకొద్దు. చావు జరిగిన రోజునే పోస్టుమార్టం, విసరా (లోపలి అవయవాల) పరీక్ష ఉంటే వాదనకు చోటే ఉండదు. మద్యం కూడా ఆహార చట్టం నిర్వచనంలో ఆహారమే. ఆ కుటుంబాలకు ఆ సంగతి చెప్పినవాళ్ళు ఉన్నారో లేదో.

మందుల విషయం ఇంకా భయంకరం. కూర రుచి తేడాగా ఉంటే నాలుక చెబుతుంది. మందు చేదుగా ఉండటమే సహజమనుకుని తల్లి పిల్లాడి నోట్లో పోస్తుంది. 1937లో, సుబ్బారావు గారు ఇంకా హార్వర్డ్‌లో ఉండగా, అమెరికాలో మాసెంగిల్ అనే కంపెనీ సల్ఫానిలమైడ్‌ను డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి తియ్యటి మందుగా అమ్మింది. కిడ్నీలు పాడై వందమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో పిల్లలూ ఉన్నారు. మందు సురక్షితమని ముందుగా రుజువు చేయాలన్న చట్టం అప్పటికి లేదు. చివరికి, ఎలిక్సిర్ అని పేరు పెట్టి అందులో ఆల్కహాలు లేకుండా అమ్మారన్న లేబుల్ తప్పు మీద 26,000 డాలర్ల పైచిలుకు జరిమానా వేయగలిగారు. వంద ప్రాణాలకు లేబుల్ తప్పు కింద జరిమానా! ఆ చావుల మీదే 1938లో కొత్త చట్టం పుట్టింది. అమ్మే ముందే భద్రత రుజువు చేయాలన్నారు. లెడర్లీలో సుబ్బారావు గారి బృందం తెచ్చిన మందులన్నీ ఆ చట్టం వచ్చాక వచ్చినవే.

మనకు చోప్రా కమిటీ సిఫారసుల మీద 1940లో మందుల చట్టం వచ్చింది. 2008 సవరణ తరవాత 27వ సెక్షన్ ప్రకారం కల్తీ మందు వల్ల, నకిలీ మందు వల్ల మనిషి చనిపోతే పదేళ్ళకు తగ్గని జైలు, యావజ్జీవం దాకా, పది లక్షలు లేదా పట్టుబడిన సరుకు విలువకు మూడింతలు, ఏది ఎక్కువైతే అంతకు తగ్గని జరిమానా. ఆహార చట్టం కన్నా ఇది గట్టిది. అయినా 1937 నాటి ఆ విషమే 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో 14 మందిని బలిగొంది. జస్టిస్ లెంటిన్ విచారణ నివేదిక చదివినవాళ్ళకు నిద్ర పట్టదు. 2022లో గాంబియాలో పసిపిల్లలు పోయారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో ఇరవైమందికి పైగా పిల్లలు దగ్గు మందు తాగి చనిపోయారు. తమిళనాడులో తయారైన ఆ సిరప్‌లో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ ఉందని ల్యాబ్ తేల్చింది. సగం విషం! యజమానిని అరెస్టు చేశారు. తెల్లారితే పట్టుబడే విషం, ఒక్క డ్రమ్మును వాడకముందు పరీక్షిస్తే ఆగిపోయే విషం. 1937 నుంచి 2025 దాకా అదే రసాయనం, అవే కిడ్నీలు, అదే వయసు పిల్లలు. శిక్ష చిన్నదై వాళ్ళు పోయారని నేను అనుకోను. పరీక్ష జరగక పోయారు.

చాలామంది 'పోలీసులున్నారు కదా' అంటారు. 2024 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో, ఆహార భద్రతా చట్టం 59వ సెక్షన్ వర్తించే చోట శిక్షాస్మృతి 272, 273 సెక్షన్ల కింద కేసు నడపకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రత్యేక చట్టానిదే పైచేయి. ఆ పాత సెక్షన్లు భారతీయ న్యాయ సంహితలో 274, 275 అయ్యాయి, జరిమానా ఐదు వేలయింది. అంటే ఇక భారమంతా ఆహార భద్రతాధికారి, ఎనలిస్టు, వాళ్ళ పైన కమిషనరు, ఈ ముగ్గురి మీదే. కేసు వేయవలసిందీ ఏడాదిలోపే. కమిషనరు కారణాలు రాసి అనుమతిస్తే మూడేళ్ళు. గడువు దాటితే ఎంత పెద్ద విషమైనా కోర్టు తలుపు తెరవదు.

అందుకే నేను అడగదలుచుకున్నవి శిక్షల గురించి కావు. 2024లో తిరుమల లడ్డూ నెయ్యి నమూనా గుజరాత్‌లోని ఆనంద్‌కు పోవలసి వచ్చింది. ఏలూరు నమూనాలు ఢిల్లీకీ హైదరాబాదుకూ పోయాయి. ఆత్రేయపురం పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని సంబరపడ్డాం. దానిమీద రాసే నెయ్యిని పరీక్షించుకోవాలంటే పూతరేకు చుట్టే ఇల్లాలు ఎక్కడికి పోవాలి? గోదావరి జిల్లాలకు, ఏలూరు, భీమవరం, కాకినాడ, అమలాపురం, రాజమహేంద్రవరం అన్నిటికీ కలిపి అయినా సరే, భారలోహాలూ పురుగుమందులూ యాంటీబయాటిక్కులూ కొలవగల గుర్తింపు ఉన్న ల్యాబ్ ఒకటి ఉండాలి. రొయ్యల డబ్బు మీద ఇన్ని కాలేజీలు లేచిన నేల ఇది. 43వ సెక్షన్ కింద గుర్తింపు పొందే అర్హత ఒక్క ప్రభుత్వ ల్యాబ్‌కే కాదు. మన కాలేజీల కెమిస్ట్రీ విభాగాలు ఆ ప్రమాణానికి ఎదగవచ్చు. ఎదగాలి.

డాక్టర్లకు ఒక మనవి. ఆహారం వల్ల విషప్రయోగం కేసు వస్తే ఫలానా అధికారికి తెలియజేయాలని ఆదేశించే అధికారం 35వ సెక్షన్ ఇచ్చింది. నోటిఫికేషన్ కోసం చూడకుండానే ఒకే పేట నుంచి ఇద్దరు ముగ్గురు ఒకే లక్షణాలతో వస్తే ఫోను చేయండి. వాంతిని పారబోయకుండా సీసాలో పట్టించండి. అమ్మలకు ఇంకొక మాట. అనుమానం వస్తే మిగిలిన కూరను మూతపెట్టి ఫ్రిజ్‌లో ఐసు గదిలో పెట్టండి. ప్యాకెట్టు పారేయకండి, బ్యాచి నంబరు దాని మీదే ఉంటుంది.

మామూలు కొనుగోలుదారుడికి 40వ సెక్షన్ ఉంది. పరీక్ష కోసం కొంటున్నానని వ్యాపారికి చెప్పి, ఫీజు కట్టి ఎనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. తప్పు తేలితే ఫీజు వెనక్కి వస్తుంది. మందులకు అలాంటిదే 26వ సెక్షన్. ఈ రెండూ వాడినవాళ్ళు నా దగ్గరికి ఎప్పుడూ రాలేదు. వస్తే ఎంత సంతోషిస్తానో!

ఈ సభలో జూనియర్ వకీళ్ళున్నారు. మీకు 65వ సెక్షన్ చూపించి ముగిస్తాను. కల్తీ తిని మనిషి చనిపోతే కుటుంబానికి ఐదు లక్షలకు తగ్గని పరిహారం, తీవ్ర హాని అయితే మూడు లక్షల దాకా, మిగతా హానికి లక్ష దాకా ఇప్పించవచ్చు. ఘటన జరిగిన ఆరు నెలల్లోపు చెల్లించాలి. చావు అయితే 30 రోజుల్లో మధ్యంతర సాయం ఇవ్వాలి. లైసెన్సు రద్దు చేసే అధికారం, సరుకు వెనక్కి రప్పించే అధికారం కూడా ఆ సెక్షన్‌లోనే ఉన్నాయి. కల్తీ కేసు రాగానే ముద్దాయి తరఫున వకాలతు వేయడానికి నలుగురు ఉంటారు. పడిపోయిన మనిషి తరఫున ఈ దరఖాస్తు రాయడానికి ఒకరు కావాలి. ఏం రాయాలో, ఏ కాగితాలు జతచేయాలో, ఏ అధికారికి ఇవ్వాలో నా దగ్గర నమూనా తయారుగా ఉంది. కోర్టు సెలవు రోజున ఎవరొచ్చినా ఒక ప్రతి ఇస్తాను. ఫీజు తీసుకోకుండా దాఖలు చేస్తామన్నవాళ్ళకు పక్కన కూర్చుని రాయించి మరీ పంపిస్తాను.